గానీగారి కారు

ఆయన దేన్నయినా మెచ్చుకోగలరు. మనిషినైనా, వస్తువునైనా, వాతావరణాన్నైనా. కాకపోతే ఆ మెప్పు వెనకాలే 'గానీ' అనే మాట ఒకటి తయారుగా నిలబడి ఉంటుంది. "బాగానే ఉంది గానీ..." అని ఆయన గొంతు సవరించుకున్నారంటే, ఎదుటివాళ్ళు కుర్చీ చూసుకుని కూర్చోవడం మంచిది. వీధిలో అందరూ ఆయన్ని గానీగారు అనేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఈ సంగతి ఎవరో నోరుజారి ఆయనకే చెప్పేస్తే, "పేరు బాగానే పెట్టారు గానీ, 'గారు' దగ్గర గొంతు తగ్గిస్తున్నారు," అన్నారట.

ఒకసారి ఆయన్ని కొండ మీదికి తీసుకెళ్ళి సూర్యోదయం చూపించారు. చలిలో వణుకుతూ అంతా చూసి, "బాగానే ఉంది గానీ, మరీ పొద్దున్నే పెట్టారు," అన్నారు.

ఈ గానీల్లో సింహభాగం అల్లుడికే దక్కింది. అల్లుడు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే నెమ్మదస్తుడు. ఒక మాట అనేముందు రెండుసార్లు మింగుతాడు. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు గానీగారు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "అబ్బాయి బాగానే ఉన్నాడు గానీ, నవ్వితే ఒక పన్ను మిగతావాటికంటే ముందొచ్చేస్తోంది," అన్నారు, అతని ఎదుటే. దాంతో పెళ్ళయ్యేదాకా అల్లుడు పెదవులు బిగించుకునే నవ్వాడు. పెళ్ళి ఫోటోలు వచ్చాక వాటిని తిరగేస్తూ, "ఫోటోలు బాగానే ఉన్నాయి గానీ, మా అల్లుడుగారికి ఈ పెళ్ళి ఇష్టం లేనట్టుందే!" అని ఆశ్చర్యపోయినవారు కూడా ఆయనే.

అల్లుడు చేసుకున్న పెద్ద పొరపాటు మరొకటి ఉంది. మామగారి చూపు మందగించిందని జాలిపడి, దగ్గరుండి పరీక్షించి, మంచి కళ్ళజోడు చేసి పెట్టాడు. గానీగారు అది పెట్టుకుని దుకాణమంతా కలయజూశారు. "బాగానే కనిపిస్తోంది గానీ..." అని ఆగి, గోడ మీద పగులు, గడియారం మీద దుమ్ము, అల్లుడి చొక్కా మీద పాత సిరా మరక వరసగా చూపించారు. ఆ రోజునుంచి ఇంట్లో గానీలు రెట్టింపయ్యాయి. "ఎందుకు బాబూ మీకీ పని? మసకలో ఉన్నప్పుడే నయంగా ఉండేది," అని అత్తగారు తల పట్టుకున్నారు.

తను అనడమే కాదు, ఎదుటివాళ్ళ మాటలోనూ ఆయన గానీ కోసం ఎదురు చూస్తారు. డాక్టరు పరీక్ష చేసి, "మీ గుండె బాగుందండీ," అన్నాడు.

"గానీ?" అన్నారు ఈయన.

"గానీ ఏం లేదు. బాగుంది."

"ఫరవాలేదు, చెప్పండి. నేను తట్టుకోగలను."

డాక్టరు చెప్పడానికి ఏమీ లేక నీళ్ళు నమిలాడు. ఆ నమలడం చూసి అనుమానం బలపడి, గానీగారు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని కారు కొనడానికి వెళ్ళాల్సిన అవసరం అల్లుడికి వచ్చిపడింది.

కారు కావాల్సింది అత్తగారికి. ఆవిడ అక్కగారు ఊరి అవతల ఒంటరిగా ఉంటున్నారు. తుంటి విరిగి మంచం దిగలేని స్థితి. బస్సు దిగాక చాలా దూరం ఎండలో నడిస్తే గానీ ఆ ఇల్లు రాదు. అత్తగారు ఎవరికీ చెప్పకుండా డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇక కారు చూడండి," అన్నారు. గానీగారు లైసెన్సు చేతికి తీసుకుని, "బాగానే ఉంది గానీ, ఫోటోలో నీ ముఖం ఎవరినో గుద్దేసినదానిలా ఉంది," అన్నారు.

ఆ తర్వాత ఊళ్ళో ఉన్న కార్ల దుకాణాలన్నీ తిరిగారు. కొత్తవి, పాతవి, అన్నీ. ఎక్కడికెళ్ళినా అదే తంతు. చివరికి ఒక దుకాణంలో ఈయన్ని దూరంనుంచి చూడగానే సేల్స్‌మన్ వెళ్ళి కారు వెనక దాక్కున్నాడు. "కుర్రాడు బాగానే దాక్కున్నాడు గానీ, బూట్లు కనిపిస్తున్నాయి," అన్నారు గానీగారు.

అప్పుడు అత్తగారికి ఒక ఆలోచన వచ్చింది. అల్లుడిని వంటింట్లోకి పిలిచి చెప్పారు.

"బాబూ, బాకీలు కట్టనివాళ్ళ కార్లు పట్టుకొచ్చి వేలం వేస్తారట. అక్కడ బోర్డు మీదే రాసుంటుందట, ఏ ఫిర్యాదులూ వినం అని. మీ మామగారికి తగిన చోటు అదే."

"నేను ఎప్పుడూ వేలానికి వెళ్ళలేదండీ," అన్నాడు అల్లుడు భయంగా.

"ఆయన మాత్రం వెళ్ళారా? చూడ్డం ఆయన్ని చూడనివ్వండి. చెయ్యెత్తడం మాత్రం మీదే. అక్కయ్యకి మందు పోసేవాళ్ళు లేరు బాబూ. ఎలాంటిదైనా సరే, కారు లేకుండా మాత్రం రాకండి."

అల్లుడు రెండుసార్లు మింగి సరేనన్నాడు.

వేలం జరిగేది ఊరి చివర, ఎత్తయిన గోడల మధ్య ఉన్న ఒక ఖాళీ స్థలంలో. కార్లు వరసలు కట్టి ఉన్నాయి. ప్రతి కారు ముందు అద్దం మీదా తెల్ల రంగుతో ఒక అంకె. వాటి మీద పేరుకున్న దుమ్ము చూస్తే చాలా కాలంగా ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టున్నాయి. కొనదలచినవాళ్ళు తలుపులు తెరిచి చూడొచ్చు, ఇంజను స్టార్ట్ చేసి వినొచ్చు, అంతే. నడిపి చూడటానికి వీల్లేదు. చాలా కార్లకి బ్యాటరీలు చచ్చిపోయాయి కాబట్టి, ఒక మనిషి బ్యాటరీని చక్రాల బండి మీద పెట్టుకుని, పొడుగాటి తీగలు భుజాన వేసుకుని, పిలిచినవాళ్ళ దగ్గరికల్లా తోసుకుంటూ వెళ్తున్నాడు.

గేటు దగ్గర నిజంగానే బోర్డు ఉంది. 'ఉన్నది ఉన్నట్టు అమ్మబడును. అమ్మిన తరువాత ఫిర్యాదులు స్వీకరించబడవు.'

గానీగారు కళ్ళజోడు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివారు.

"బాగానే రాశారు గానీ అల్లుడుగారూ, అమ్మకముందు ఫిర్యాదుల సంగతేమీ రాయలేదు," అన్నారు ఆనందంగా.

అల్లుడు ఆశగా గేటు వైపు ఒకసారి వెనక్కి చూశాడు.

ఇక మొదలైంది. కార్ల గురించి గానీగారికి తెలిసింది బహు తక్కువ. బానెట్ ఎలా తెరవాలో కూడా తెలియదు. కానీ వంకలు వెతకడంలో ఆయన భంగిమ చూస్తే మాత్రం ఎవరైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. చేతులు వెనక్కి పెట్టుకుని కారు చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరుగుతారు. వంగి ఒక కన్ను మూసి వారగా చూస్తారు. వేలి కణుపుతో టక్కున కొట్టి, చెవి ఒగ్గి వింటారు. అప్పుడు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు విన్నాక ఆ కారు మీద ఎవరికీ ఆశ మిగలదు.

మొదటి వరసలో తెల్ల కారు. "బాగానే ఉంది గానీ, దీని ముఖం చూడండి. పొద్దున్నే ఎవరో తిట్టినట్టు లేదూ?"

పక్కనున్న ఎర్ర కారు హారను నొక్కి చూశారు. "మోగడం బాగానే మోగింది గానీ, దారి అడుగుతున్నట్టు లేదు అల్లుడుగారూ. క్షమాపణ అడుగుతున్నట్టుంది."

ఒక బూడిదరంగు కారులో కూర్చుని లేచి, "సీటు మెత్తగానే ఉంది గానీ, లేస్తుంటే వదలడం లేదు. మనకి ఇంత ఆప్యాయత పనికిరాదు," అన్నారు.

వరస చివర ఒక ఆకుపచ్చ కారు ఉంది. దాని దగ్గర ఆయనకి పండగే అయింది. ఒక దీపం తిన్నగా చూస్తుంటే రెండోది పక్కకి చూస్తోంది. ముందు సీటుకి ఎదురుగా ఉన్న సామాన్ల అర ముట్టుకోకుండానే దభీమని తెరుచుకుని నోరెళ్ళబెట్టింది. వెనక తలుపు అద్దం దించితే దిగింది, ఎక్కించబోతే మొరాయించింది. లోపల ఎవరో తడి మేజోళ్ళు ఆరేసుకున్నట్టు వాసన. ఇంజను మాత్రం ఒక్క తిప్పుకే అందుకుంది గానీ, దాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఆ కారు దగ్గర ఎంతసేపు ఉన్నారంటే, బ్యాటరీ మనిషి బండి ఆపుకుని వినడం మొదలుపెట్టాడు.

అతనొక్కడే కాదు. అల్లుడు వెనక్కి తిరిగి చూసేసరికి పాత కార్ల వ్యాపారులు నలుగురైదుగురు కాస్త దూరంలో నిలబడి, ఆకాశం చూస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటు పడేసి ఉన్నారు. వాళ్ళకి పెద్దలాంటివాడు, మెడలో లావుపాటి గొలుసు వేసుకున్నాయన, దగ్గరికొచ్చి వినయంగా అడిగాడు.

"పెద్దాయనా, దీని ఇంజను సంగతేమంటారు?"

"ఇంజనుకేం లెండి," అని గానీగారు తేలిగ్గా తీసిపారేశారు. "ముందు అద్దం తుడిచే ఆ చేతులు రెండూ చూడండి. ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు లేవు."

గొలుసు వ్యాపారి కళ్ళు చిన్నవి చేసుకుని కాసేపు ఆలోచించాడు. తనవాళ్ళ దగ్గరికి వెళ్ళి రహస్యంగా, "లోపల వైరింగు మొత్తం పోయిందంట. ఆయన ఉత్త మనిషి కాదురా, ఏదో పెద్ద కంపెనీలో చేసుంటాడు," అన్నాడు.

ఆ మాట కార్ల మధ్య నుంచి పాకింది. గానీగారు ఏ కారు దగ్గర నిట్టూరిస్తే ఆ కారు దగ్గర జనం పలచబడటం, ఎక్కడ ఆగితే అక్కడ గుమికూడటం జరుగుతోంది. అల్లుడు ఇబ్బందిగా, "మామయ్యగారూ, వీళ్ళంతా మిమ్మల్ని మెకానిక్ అనుకుంటున్నారు," అని చెవిలో చెప్పాడు.

"అనుకోవడం బాగానే ఉంది గానీ, కుర్చీ ఒక్కటి ఎవడూ వెయ్యడేం?" అన్నారు ఆయన.

రెండో వరసలో మీగడరంగు కారు ఒకటి ఉంది. చిన్నది, కాస్త పొడుగాటి కప్పుది. దాని వెనక ఒకావిడ పెద్ద అట్టపెట్టె చేతుల్లో పట్టుకుని, డిక్కీ తలుపుని తలతో ఎత్తడానికి ప్రయత్నిస్తోంది.

"బాబాయిగారూ, కాస్త ఈ తలుపు పట్టుకుంటారా?" అంది, గానీగారిని చూసి.

ఆయన పట్టుకున్నారు. ఆవిడ పెట్టెని జాగ్రత్తగా లోపల పెట్టింది. పెట్టె అటూ ఇటూ వాలకుండా, పైన తగలకుండా, తిన్నగా కూర్చుంది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి దాన్ని చూసుకుని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"పొద్దుట్నుంచి అన్ని కార్లలోనూ పెట్టి చూస్తున్నానండీ. ఇదొక్క దాన్లోనే నిలబడింది."

"అందులో ఏముందమ్మా?"

"ఖాళీదేనండీ. నేను కేకులు చేస్తాను, పెళ్ళిళ్ళకి, పుట్టినరోజులకి. ఇన్నాళ్ళూ నేను స్కూటరు నడిపితే మా చెల్లెలు వెనక కూర్చుని పెట్టె పట్టుకునేది. దానికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. మొన్న నేనొక్కదాన్నే ముందు పెట్టుకుని బయల్దేరాను. మూడంతస్తుల కేకు చేసి పట్టుకెళ్తే, అక్కడ మూత తీసేసరికి ఒకటే అంతస్తు!"

"అయ్యో! వాళ్ళేమన్నారు?"

"రుచి బాగానే ఉందన్నారండీ."

"గానీ?" అన్నారు గానీగారు ఆత్రంగా.

"గానీ, గరిటెతో వడ్డించుకోవలసొచ్చిందన్నారు."

గానీగారు పకపకా నవ్వేశారు. ఆయన నవ్వడం అల్లుడు అంతకుముందు ఎప్పుడో చూశాడు. ఎప్పుడో గుర్తులేదు.

ఆవిడా నవ్వింది. నవ్వుతూనే కాస్త తగ్గు గొంతుతో, "ఇవాళ ఇది దొరక్కపోతే ఒప్పుకున్న ఆర్డర్లన్నీ వద్దని చెప్పెయ్యాలండీ. వేలం ఎలా పాడతారో కూడా తెలీదు. చేతిలో ఈ కార్డు పెట్టి పంపించారు," అంటూ తన నంబరు కార్డు చూపించింది.

ఆవిడ వెళ్ళాక గానీగారు మీగడరంగు కారు చుట్టూ ఒకసారి తిరిగారు. మళ్ళీ తిరిగారు. వంగి చూశారు, కణుపుతో కొట్టి విన్నారు. లోపల కూర్చున్నారు, లేచారు. సీటు వదిలేసింది. హారను నొక్కారు. మర్యాదగా మోగింది. తలుపు వేశారు, ఒక్కసారికే పడింది. ఆయన ముఖంలో అయోమయం మొదలైంది.

"అల్లుడుగారూ, బాగుంది," అన్నారు చివరికి.

అల్లుడు ఎదురు చూశాడు. బ్యాటరీ మనిషీ ఎదురు చూశాడు.

"గానీ?" అన్నాడు అల్లుడు, ఉండబట్టలేక.

"గానీ ఏం లేదు."

"మామయ్యగారూ, ఎండ ఎక్కువైందేమో. అలా నీడలో కూర్చుందాం రండి."

"నాకేం కాలేదండీ! కారు బాగుంది. మీ అత్తగారికి ఇదే కొందాం. మీరు చెయ్యెత్తండి, అంతే."

కాస్త దూరంలో గొలుసు వ్యాపారి ఇదంతా చూశాడు. పెద్దాయన నిట్టూర్చలేదు! అతని కనుబొమలు నెత్తికెక్కాయి. చూస్తుండగానే ఆ కబురు స్థలమంతా పాకిపోయింది.

వేలం రేకుల షెడ్డు కింద మొదలైంది. ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా ఒక ఎత్తు బల్ల, దాని మీద మైకు పట్టుకుని వేలం వేసేవాడు. అతని నోరు ఎంత వేగంగా ఆడుతోందంటే, అల్లుడికి మొదటి రెండు కార్లు అమ్ముడుపోయాక గానీ అది మన భాషేనని తెలియలేదు. మూడో కారునుంచీ అతని ఉత్సాహం తగ్గింది. తెల్ల కారుకి పాట లేవలేదు. ఎర్ర కారుకి ఎవరో మొహమాటానికి ఒక చెయ్యి ఎత్తారు. ఆకుపచ్చ కారు వచ్చేసరికి ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఏమయ్యా, అందరూ ఉపవాసమా ఇవాళ?" అని విసుక్కుని, దాన్ని పక్కన పెట్టించాడు. "చివర్లో చూద్దాం. తర్వాతది... మీగడరంగు కారు!"

కుర్చీలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి.

అల్లుడు రెండుసార్లు మింగి చెయ్యెత్తాడు. కేకులావిడ ఎత్తింది. గొలుసు వ్యాపారి ఎత్తలేదు, కనుబొమ కదిలించాడంతే. అతని వెనక ఇంకో ఇద్దరు గడ్డం గోక్కున్నారు. అదీ పాటేనట. ధర గబగబా ఎక్కడం మొదలుపెట్టింది. అల్లుడు ఎత్తిన చెయ్యి దించడానికి కూడా వ్యవధి లేదు.

గానీగారు మాత్రం ఎత్తు బల్ల వైపు చూడటం లేదు. ముందు వరసలో కూర్చున్న కేకులావిడని చూస్తున్నారు. ఆవిడ మొదట కార్డుని నిటారుగా ఎత్తింది. తర్వాత భుజం దాకా. ఇప్పుడు ఒళ్ళోంచి కొంచెమే లేపుతోంది. పెదవులు కదులుతున్నాయి, లోపల్లోపల ఏదో సర్దుకుంటోంది. ఆ పక్కన కుర్చీలో ఖాళీ పెట్టె. ఆవిడ ఒక చెయ్యి దాని మీదే ఉంది.

గానీగారు గొలుసు వ్యాపారి వైపు చూశారు. అతను ఈయన వైపే చూస్తూ, గురువుకి పెట్టినట్టు చిన్న నమస్కారం పెట్టాడు. మీరు మెచ్చిన సరుకండీ, వదులుతామా, అన్నట్టుంది ఆ నమస్కారం.

అప్పుడు అర్థమైంది గానీగారికి. ఈ ధర ఇలా ఎక్కుతున్నది తను నోరు మూసుకున్నందువల్లే.

అల్లుడు మళ్ళీ చెయ్యెత్తబోతుంటే ఆయన అతని మణికట్టు పట్టుకుని కిందికి లాగేశారు. లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు.

"బాగానే ఉంది గానీ!"

వేలం వేసేవాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది.

"రంగు చూశారా? మీగడరంగు అంటున్నారు. నిన్నటి మీగడ!" అన్నారు గానీగారు, ఎవరో అడిగినట్టు. "కప్పు అంత పొడుగెందుకండీ? టోపీ పెట్టుకుని కూర్చోవాలా? తలుపు వేస్తే శబ్దమే రాదు. వేశామో లేదో ఎవరికి తెలుస్తుంది? దొంగల కోసం చేసినట్టుంది. హారను మరీ మర్యాద. ఇంత మర్యాదకి ఈ ఊళ్ళో ఎవడు పక్కకి తప్పుకుంటాడు?"

అని, ఒక్కసారి గుండె లోతుల్లోంచి నిట్టూర్చారు.

గడ్డాలు గోక్కుంటున్న చేతులు ఆగిపోయాయి. ఒకాయన లేచి నీళ్ళ కోసం వెళ్ళిపోయాడు. గొలుసు వ్యాపారి పక్కవాడితో, "చూశావా, ముందు పైపైన చూసినప్పుడు తెలీలేదు. ఇంకేదో పట్టాడు ఆయన," అని గుసగుసలాడి, కనుబొమలు రెండూ కిందికి దించేసుకున్నాడు.

"అయ్యా! మీరు కారు కొనడానికొచ్చారా, దాన్ని ఏడిపించడానికొచ్చారా? కూర్చోండి ముందు!" అని మైకులో అరిచాడు వేలం వేసేవాడు. "చివరి పాట ఆ గొలుసాయనది. అంతకంటే ఎవరైనా? ఒకటోసారి..."

ఇక్కడే చిక్కొచ్చిపడింది. ఈ నిందలన్నీ విని కేకులావిడ కూడా బెదిరిపోయింది. కార్డు ఒళ్ళో బోర్లా పెట్టేసి, కారు వైపు అనుమానంగా చూస్తోంది. అల్లుడికి అంతవరకూ ఏమీ అర్థం కాలేదు. మామగారు ఆవిడ వైపు మెడ చాచి చూడటం గమనించాక, మెల్లమెల్లగా అర్థమై, తనూ ఆవిడ కార్డు వైపే చూడసాగాడు.

"రెండోసారి..."

గానీగారు కూర్చోబోయినట్టే కూర్చోబోయి మళ్ళీ లేచారు.

"మొత్తం కారులో తిన్నగా ఉన్నది ఆ డిక్కీ ఒక్కటేనండీ!" అన్నారు, షెడ్డు చివరిదాకా వినిపించేట్టు. "అది ఎవరిక్కావాలి? ఇంత పొడుగు పెట్టె ఏదైనా మోసుకెళ్ళేవాళ్ళుంటే వాళ్ళకి తప్ప ఇంకొకరికి పనికిరాదు ఈ కారు. అలాంటివాళ్ళు గనక కొనకపోతే, ఇక దీని బతుకింతే!"

కేకులావిడ వెనక్కి తిరిగి చూసింది. గానీగారు వెంటనే పైకప్పు రేకుల్లో ఏదో వంక వెతుకుతున్నట్టు తల ఎత్తుకున్నారు.

ఆవిడ కార్డు నిటారుగా లేచింది.

గొలుసాయన తల అడ్డంగా ఊపాడు. సుత్తి బల్ల మీద పడింది. ఆవిడ సంతోషం పట్టలేక ఖాళీ పెట్టెని కావలించుకుంది. పెట్టె ఒక పక్క నొక్కుకుపోయింది.

చివర్లో ఆకుపచ్చ కారు మళ్ళీ వచ్చింది. వేలం వేసేవాడు దాని పేరు చెప్పేముందే గానీగారి వైపు చేతులు జోడించాడు. "అయ్యా, తమరు దీని గురించి పొద్దున్నే చెప్పేశారట. మళ్ళీ వద్దు."

"నేనేమీ అనడం లేదండీ," అన్నారు గానీగారు. అల్లుడి మోచెయ్యి పొడిచి, "ఎత్తండి చెయ్యి," అన్నారు.

"దీనికా!"

"ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. మీరు చూశారుగా. ఎత్తండి."

అల్లుడు ఎత్తాడు. ఇంకెవరూ ఎత్తలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో అల్లుడు నడుపుతున్నాడు. అర మూత మాటిమాటికీ తెరుచుకుంటోంది. గానీగారు దాన్ని మోకాలితో మూస్తున్నారు. అల్లుడు ధైర్యం చేసి అడిగాడు.

"మామయ్యగారూ, ఆ మీగడరంగు కారు మీకు నచ్చింది కదండీ?"

"నచ్చింది."

"మరి?"

"నచ్చడం బాగానే ఉంది గానీ అల్లుడుగారూ, ఒక్క వంకా లేని కారులో పక్కన కూర్చుని మీ అత్తగారితో ఏం మాట్లాడను చెప్పండి, రోజూ?"

వెంటనే ఆయన ఎదురుగా వెళ్తున్న బస్సులో లోపాలు చెప్పడం మొదలుపెట్టారు.

అత్తగారు గేటు దగ్గరే ఉన్నారు. కారు చుట్టూ తిరగడాలు, నిట్టూర్చడాలు ఏమీ లేవు. తలుపు తీసుకుని కూర్చుని, సీటు ముందుకి జరుపుకుని, స్టార్ట్ చేసి, "నడుస్తోందిగా. రేపు పొద్దున్నే అక్కయ్య దగ్గరికి వెళ్తాను," అన్నారు. దిగి వంటింట్లోకి నడుస్తుంటే అల్లుడు వెనకాలే వెళ్ళి, వేలంలో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. మామగారి గురించి ఇంత గొప్ప సంగతి తనొక్కడే కనిపెట్టినట్టు అతనికి లోపల గర్వంగా కూడా ఉంది.

అత్తగారు ఏమీ ఆశ్చర్యపోలేదు. గిన్నెలు సర్దుతూ నవ్వారు.

"మీ మామగారు ఎక్కడ పనిచేసేవారో మా అమ్మాయి మీకు చెప్పలేదా బాబూ?"

"ఏదో కంపెనీ అందండీ."

"గొడుగుల కంపెనీ. తయారైన గొడుగుల్లో వంక ఉన్నవి ఏరి పక్కన పెట్టడం ఈయన ఉద్యోగం."

"సరిపోయింది!" అన్నాడు అల్లుడు.

"వినండి. వంక ఉందని పక్కన పడేసిన గొడుగుల్ని కంపెనీ అమ్మేది కాదు. కుట్టేవాళ్ళనీ ఊచలు బిగించేవాళ్ళనీ తీసుకుపొమ్మనేది. వాళ్ళకి గొడుగు కొనుక్కునే జీతాలు కావు. ఏడాది పొడుగునా ఈయనకి ఒకటో రెండో వంకలు కనిపించేవి. వానలు దగ్గరపడే రోజుల్లో మాత్రం చూడాలి! పిడి వంకర, గుడ్డ మీద నీడ, తెరిస్తే నిట్టూర్చినట్టుంది అంటూ గుట్టలు గుట్టలు పక్కన పడేసేవారు. మేనేజరు వచ్చి, 'ఇందులో ఏముందయ్యా లోపం?' అంటే, ఈయన ఒక్కో గొడుగూ పట్టుకుని అరగంట చెప్పేవారు. చివరికి ఆ మేనేజరే దణ్ణం పెట్టి పారిపోయేవాడు. ఈయన ఉన్నంతకాలం ఆ కంపెనీ పనివాళ్ళ పిల్లలెవరూ తడుస్తూ బడికి వెళ్ళలేదు."

అల్లుడు గుటక వేశాడు. ఈసారి అన్నింటికీ కలిపి ఒక్కసారే.

"ఆయన్ని అడిగేరు సుమా," అన్నారు అత్తగారు, గొంతు తగ్గించి. "అవన్నీ నిజంగా వంక ఉన్నవేనని ఇప్పటికీ ఒట్టేస్తారు. నాతో కూడా ఒప్పుకోలేదు."

ఇంతలో వీధిలోనుంచి కేక వినిపించింది.

"అల్లుడుగారూ! ఒకసారి ఇలా రండి! దీని వెనక చక్రం దగ్గర ఇంకొకటి దొరికింది!"

ఆ గొంతులో ఎంత సంబరం ఉందంటే, నిధి దొరికినా అంత ఉండదు. అల్లుడు వరండాలోకి వచ్చాడు. మామగారు కొత్త పాత కారు వెనక గొంతుక్కూర్చుని, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, చేత్తో రమ్మని సైగ చేస్తున్నారు.

"వస్తున్నానండీ!" అంటూ అల్లుడు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు. ముందొచ్చే ఆ పన్ను కనపడేలా నవ్వుతూ, ఆయన పక్కన గొంతుక్కూర్చుని, "ఏదీ, చూపించండి," అన్నాడు.